గుట్ట కింది ఊరు – వాలు చెప్పిన చరిత్ర

హాస్టల్లో చేరిన మొదటి వారంలో ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఒక్కటే – "మీదే ఊరు?" నేను మా ఊరి పేరు చెబితే ఎవరికీ తెలియదు. "కొండగట్టు దగ్గర" అంటే మాత్రం అందరి మొహాలూ వెలుగుతాయి. "ఓ, అంజన్న గుట్టా! మేం మొక్కు తీర్చుకోను వచ్చినం గదా" అంటారు. అంతటితో ఆ సంభాషణ అయిపోతుంది. గుట్ట మీది దేవుడు అందరికీ తెలుసు. గుట్ట కింద ఊళ్ళున్నాయని, ఆ ఊళ్ళల్లో మనుషులు నాగలి పట్టి బతుకుతున్నారని ఎవరికీ గుర్తుండదు. మూడేండ్లుగా ఇదే తంతు. నాకూ అలవాటైపోయింది.

మొన్న వేసవికి ముందు మాత్రం రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. ఒకటి, గ్రంథాలయంలో వేరే పుస్తకం కోసం వెతుకుతుంటే ఇంగ్లండులోని ఒక చిన్న పల్లెటూరి చరిత్ర చేతికి తగిలింది. నూరు గడపలు కూడా లేని ఊరు. దానికి ఒక పూర్తి పుస్తకం! ఊరి కింద ఏ రాయి ఉంది, వాగు ఎటు పారుతుంది, పొలాలకు ఏ పేర్లున్నాయి, రైలు వచ్చాక ఏమైంది – అన్నీ రాశారు. రెండవది, మా బాపు ఫోను. "గుట్ట కింది చెలక అడుగుతున్నరురా. ప్లాట్లు చేస్తరట. మంచి ధర చెప్తున్నరు. నువ్వు చదువుకున్నోనివి, ఏం చేద్దామో చెప్పు" అన్నాడు.

నేను ఏం చెప్పగలను? పరమాణువులో ఎలక్ట్రాన్లు ఏ కక్ష్యలో తిరుగుతాయో చెప్పగలను గాని, మా చెలక మీద పడ్డ వాననీరు ఎటు పోతుందో నాకు తెలియదు. సిగ్గేసింది. సెలవులకు ఇంటికి పోయి, నోటు పుస్తకం పట్టుకొని, పెద్దమనుషులను అడిగి, చూసి, చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం. ఇందులో తప్పులుంటే విజ్ఞులైన అధ్యాపకులు మన్నించి సరిదిద్దగలరని మనవి.

ఊరు ఎక్కడ ఉంది?

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే జాతీయ రహదారిలో సుమారు 35 కిలోమీటర్ల దగ్గర ఎడమ చేతికి గుట్టలు కనబడతాయి. అక్కడి నుంచి జగిత్యాల ఇంకో 15 కిలోమీటర్లు. ఆ గుట్టల మీదిదే కొండగట్టు ఆంజనేయస్వామి గుడి. రికార్డుల ప్రకారం గుడి ఉన్నది మల్యాల మండలం ముత్యంపేట గ్రామంలో. "కొండగట్టు" అనేది అసలు ఊరి పేరు కాదు, గుట్ట పేరు. మల్లాపూర్ మండలంలో, చక్కెర ఫ్యాక్టరీ ఉండిన ముత్యంపేట వేరే ఊరు. రెండింటినీ కలిపి పొరబడేవాళ్ళు చాలామంది. మాది ముత్యంపేటకు ఆనుకొని ఉన్న పల్లె. పేర్లు రెండయినా గుట్ట ఒక్కటే, ఎండా వానా ఒక్కటే. కాబట్టి ముత్యంపేట గురించి చెప్పినా మా ఊరి గురించి చెప్పినా ఒకటే అనుకోండి.

గుట్టకు దక్షిణాన కొడిమ్యాల మండలం. తూర్పు, ఉత్తరం వైపు మల్యాల. వాయవ్యంగా పోతే జగిత్యాల, ఇంకా ముందుకు కోరుట్ల. దక్షిణంగా దిగితే వేములవాడ, సిరిసిల్ల. ఉత్తరాన గోదావరి ఒడ్డున ధర్మపురి. వేములవాడ రాజన్న, కొండగట్టు అంజన్న, ధర్మపురి నర్సన్న – ముగ్గురినీ ఒకే తిరుగుడులో చూసుకొని పోవడం ఈ వైపు జనానికి ఆనవాయితీ.

మా తాత పుట్టినప్పటి నుంచి ఇల్లు మారలేదు గాని చిరునామా మాత్రం మారుతూనే వచ్చింది. మొదట నిజాం రాజ్యం, కరీంనగర్ జిల్లా, జగిత్యాల తాలూకా. 1948 సెప్టెంబరు తరువాత హైదరాబాదు రాష్ట్రం. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న జగిత్యాలే జిల్లా అయింది. "నేను కాలు కదపకుండనే ఇన్ని రాజ్యాలు తిరిగిన బిడ్డా" అని తాత నవ్వుతాడు.

గుట్ట పుట్టుక

రామాయణం సంగతి అందరూ చెప్పేదే. హనుమంతుడు సంజీవని పర్వతం మోసుకొని పోతుంటే అందులోంచి ఒక ముక్క రాలిపడిందని, అదే కొండగట్టు అని. ఆ కథకు నేను అడ్డు చెప్పను. భూగర్భ శాస్త్రం చెప్పే కథ కూడా దానికి తక్కువేమీ కాదు.

మా గుట్టల్లో ఉన్నవి గ్రానైటు, నైస్ జాతి రాళ్ళు. దక్కను పీఠభూమిలోని ఈ పాత రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏండ్లు. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు. నీళ్ళల్లో కంటికి కనబడని సూక్ష్మజీవులు మాత్రమే ఉన్నాయి. భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ తయారైన ఆ రాయి, పైనున్న పొరలు కోట్ల ఏండ్లుగా కొట్టుకుపోగా ఇప్పుడు బయటపడింది. తూర్పుగా గోదావరిఖని దాకా పోతే సింగరేణి బొగ్గు ఉంది. దాని వయసు 25–30 కోట్ల ఏండ్లే. అంటే బొగ్గుగా మారిన ఆ అడవులు మొలిచేనాటికే మా గుట్ట ముసలిది.

గుట్ట ఎక్కేటప్పుడు గుండ్ల మీద గుండ్లు ఎవరో పేర్చిపెట్టినట్టు కనబడతాయి. అవి పేర్చినవి కావు. రాయిలో నిలువుగా, అడ్డంగా పగుళ్ళుంటాయి. ఆ పగుళ్ళలోకి నీరు దిగి రాయిని మెల్లగా మెత్తబరుస్తుంది. ముక్కకు మూలల దగ్గర నీరు మూడు వైపుల నుంచి తగులుతుంది గనక మూలలు ముందుగా అరిగిపోతాయి. చదరపు రాయి గుండు అవుతుంది. మెత్తబడ్డ మట్టి వానకు కొట్టుకుపోతే గుండ్లు మిగులుతాయి. గుట్ట మీద "సీతమ్మ కన్నీటి గుంటలు" అని చూపిస్తారు. రాతి పైభాగాన ఒక చిన్న పల్లం ఉంటే అందులో వాననీరు నిలుస్తుంది. నిలిచిన నీరు అడుగు రాయిని ఇంకొంచెం తింటుంది. గుంట ఇంకొంచెం లోతవుతుంది. మరుసటి ఏడు ఇంకాస్త నీరు నిలుస్తుంది. రాతి గుట్టల మీద ఇటువంటి గుంటలు ఏర్పడేది ఇట్లాగే. ఏడ్పు ఎవరిదైనా, రాయిని తొలిచేది నీరే.

నేల, నీరు

గుట్ట నుంచి రాలిన రాయే మా నేల. ఇక్కడే వాలు పని మొదలుపెడుతుంది. గుట్ట అంచున గరుకు గరుకుగా, ఇసుకా చిన్న రాళ్ళూ కలిసిన ఎర్ర చెలక. కొంచెం కిందికి దిగితే మెత్తటి దుబ్బ. ఇంకా కిందికి, చెరువు వెనుక, నల్లటి జిగట నేల. కారణం సులువు. వాననీరు బరువైన రవ్వను పైననే వదిలిపెట్టి, సన్నటి మన్నును దూరం తీసుకుపోతుంది. అందుకే ఒకే ఊళ్ళో, ఒకే వాన కింద, పైవాడికి జొన్నా కందీ, కిందివాడికి వరీ. ఎవరి తాతకు ఏ ఎత్తులో భూమి దొరికిందో దాన్ని బట్టి మూడు తరాల బతుకు నిర్ణయమైపోయింది. మాకున్నది మూడెకరాలు. అందులో రెండు గుట్ట కింది చెలక, ఒకటి చెరువు కింది మడి. మా ఇంట్లో అన్నం పెట్టింది ఆ ఒక్క ఎకరమే.

మా దగ్గర వాన తక్కువేమీ కాదు, ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడుతుంది. కాని దాదాపు అంతా నాలుగు నెలల్లోనే. అడుగున రాయి గనక నీరు లోపలికి ఎక్కువగా ఇంకదు. ఒర్రెల్లో పడి ఉరుకుతుంది. ఉరికే నీటిని ఆపి పెట్టుకోవడమే ఈ నేలలో వ్యవసాయానికి మొదటి పాఠం. కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో చెరువులు ఎందుకు తవ్వారో పుస్తకాల్లో చదివాను గాని, మా కట్ట మీద నిలబడితే అర్థమైంది. కట్ట నేలను నిలువుగా తవ్వి పెట్టింది కాదు. రెండు చిన్న మిట్టల మధ్య ఒర్రె ఎక్కడ సన్నబడుతుందో సరిగ్గా అక్కడ మన్నుపోసి మూసింది. ఇంజనీరింగు చదవని మనుషులు తక్కువ మన్నుతో ఎక్కువ నీరు ఆపే చోటును కంటితోనే కనిపెట్టారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసే పనులు జరిగాయి. ఆ పూడిక మన్నును ట్రాక్టర్లతో చెలకల్లో పోసుకున్నవాళ్ళు ఉన్నారు. ఆలోచిస్తే అది విచిత్రమే – వాన వందేండ్లలో కిందికి దించిన మన్నును మనిషి మళ్ళీ పైకి ఎక్కించాడు.

కాలువల సంగతి కూడా వాలు సంగతే. నిజామాబాదు జిల్లా పోచంపాడు దగ్గర శ్రీరామసాగర్ ప్రాజెక్టుకు 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అక్కడి నుంచి బయలుదేరే కాకతీయ కాలువ జగిత్యాల ప్రాంతం మీదుగా కరీంనగర్ దగ్గరి దిగువ మానేరుకూ, ఇంకా ముందుకూ పోతుంది. ఇటువంటి పెద్ద కాలువ సాధారణంగా కిలోమీటరుకు జానెడు కూడా దిగదు. అంత మెల్లగా దిగుతూ దూరం పోతుంది. కాలువకు దిగువనున్న పొలాలకు నీరు దానంతటదే పారుతుంది. కాలువ కంటే నాలుగడుగులు ఎత్తున్న చెలక మాత్రం నీటిని చూస్తూ ఎండిపోతుంది. మా తాతకు ఇది ఒక్క మాటలో తెలుసు: "కాలువకు కులం లేదు, మతం లేదు బిడ్డా. ఎత్తూ పల్లమే ఉన్నది."

ఆ తరువాత 122 కిలోమీటర్ల వరద కాలువ వచ్చింది. శ్రీరామసాగర్ నిండినప్పుడు మిగులు నీటిని మధ్య మానేరుకు తీసుకుపోవడం దాని పని. మా మల్యాల మండలం మీదుగానే పోతుంది. దీని కథలో ఒక వింత ఉంది. శ్రీరామసాగర్‌ను కింది నుంచి నింపడానికి ఇదే కాలువను వెనక్కు పారించాలని తలపెట్టి, మల్యాల మండలం రాంపూర్ దగ్గర, ఇంకా పైన రాజేశ్వరరావుపేట, ముప్కాల్ దగ్గర పంపుహౌసులు కట్టారు. 2019 నుంచి రాంపూర్ పంపులు పనిచేసిన రోజుల్లో వరద కాలువలో నీరు వచ్చిన వైపే తిరిగి పోతుంటే జనం బండ్లు ఆపి చూశారు. నీరు పల్లానికే పారుతుందనే సామెతను కరెంటు తిరగేసింది! అయితే కరెంటు ఉన్నంతసేపే, కింద నీరు ఉన్నంతవరకే. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పుడు, ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల జరిగిన దానికి మా ఊరి కచ్చీరు కాడ కూడా చర్చ నడిచింది. ఎత్తిపోసిన నీటికి ఖర్చు ఉంటుంది, భయమూ ఉంటుంది. ఒర్రె తెచ్చిన నీటికి రెండూ లేవు.

దేవుడు, పశుల కాపరి, కోతులు

గుడి పుట్టుక గురించి చెప్పే కథ ఇది. మూడు నాలుగు వందల ఏండ్ల కింద, కొడిమ్యాల పరగణాకు చెందిన సింగం సంజీవుడు అనే పశుల కాపరి తప్పిపోయిన పశువును వెతుక్కుంటూ గుట్ట ఎక్కాడట. అలసి చింతచెట్టు కింద నిద్రపోతే స్వామి కలలో కనబడి, తాను కోరంద పొదలో ఉన్నాననీ, ఎండకూ వానకూ రక్షణ కల్పించమనీ చెప్పాడట. లేచి వెతికితే విగ్రహం దొరికిందట, పశువూ దొరికిందట. తరువాతి కాలంలో కృష్ణారావు దేశ్‌ముఖ్ ఇప్పటి గుడి కట్టించాడని ఆలయ చరిత్ర చెబుతుంది.

భక్తులకు ఇందులో మహిమ కనబడుతుంది. నాకు మహిమతోపాటు భూగోళం కూడా కనబడింది. దేవుణ్ణి చూసినవాడు రాజు కాదు, పండితుడు కాదు, పశుల కాపరి. ఎందుకంటే సాగుకు పనికిరాని గుట్ట ఆ రోజుల్లో పశువుల మేత స్థలం. అక్కడికి రోజూ ఎక్కేవాడు కాపరి ఒక్కడే. కథ ఎక్కడ పుట్టినా అది ఆ నేల మీద నడిచిన కాళ్ళ నుంచే పుడుతుంది.

ఇప్పుడు మంగళవారం, శనివారం వచ్చాయంటే గుట్ట నిండా జనమే. చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. కాషాయం కట్టిన దీక్షాపరులు ఎండలో చెప్పుల్లేకుండా నడిచివచ్చి మాల విరమిస్తారు. వాళ్ళకు దారి పొడుగునా మా ఊళ్ళవాళ్ళు మజ్జిగ, చల్లనీళ్ళు పోస్తారు. కొబ్బరికాయల దుకాణాలు, హోటళ్ళు, ఆటోలు – వీటి మీద బతికే ఇండ్లు ఎన్నో. గుడి లేకపోతే మా పిల్లగాండ్లలో సగంమంది ఎప్పుడో పట్నం పట్టేవాళ్ళు.

కాని స్వామి వాహినీ మాతోనే ఉంది. భక్తులు వేసే అరటిపండ్లకూ కొబ్బరి ముక్కలకూ అలవాటుపడ్డ కోతులు జనం లేని రోజుల్లో చేన్ల మీద పడతాయి. మక్క కంకి పాలు పట్టిందంటే మనకంటే ముందు వాటికే తెలుస్తుంది. మా అవ్వ మక్కలు వేయడం మానేసి నాలుగేండ్లయింది. పల్లికాయ, కూరగాయలు అంతకు ముందే పోయాయి. కొట్టరాదు, తిట్టరాదు – అంజన్న మనుషులు! "పైన దండం పెట్టి కింద కట్టె పట్టుడు మన బతుకు" అంటుంది అవ్వ. గుట్ట మీది అడవిలో పండ్ల చెట్లు తగ్గడమూ, ఊరకనే తిండి దొరకడమూ – రెండూ కలిసి తెచ్చిన ఇబ్బంది ఇది. కోతిది తప్పని నేను అనుకోను.

చుట్టుపక్కల రాజ్యాలు

జగిత్యాల పక్కనున్న పొలాస ఒకప్పుడు రాజధాని. పొలవాస పాలకులు అక్కడి నుంచి ఏలారు. కాకతీయులు స్వతంత్రులయ్యే రోజుల్లో వీళ్ళను ఓడించారు. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం రుద్రదేవుడి విజయాల్లో మేడరాజు మీది గెలుపును చెబుతుంది. ఆ పొలాసలోనే ఇప్పుడు వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. ఉల్లికోడును తట్టుకొనే "జగిత్యాల సన్నాలు" వరి అక్కడ పుట్టిందే. రాజధాని పోయి రాజ్యం పోయింది గాని, పొలాస పేరు మా వడ్ల బస్తాల్లో బతికే ఉంది.

జగిత్యాల కోట 1747 నాటిది. ఎల్గందుల పాలకుడు ఇబ్రహీం ఖాన్ ధంసా కాలంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో కట్టించాడు. ఆ ఇంజనీర్లు జాక్, తాల్ అనేవారనీ, వారి పేర్ల మీద జగిత్యాల అయిందనీ ఒక మాట. కాదు, పొలవాస వంశంలోని జగ్గదేవుడి పేరే మూలమని ఇంకో మాట. ఏది నిజమైనా ఒకటి గమనించాలి. రాజులూ ఇంజనీర్లూ పేర్లు మిగుల్చుకున్నారు. కోట కందకం తవ్విన చేతుల పేరు మాత్రం ఏ కథలోనూ లేదు.

చిన్న ఊళ్ళ చరిత్రకు దిక్కు రెవెన్యూ కాగితాలే. ఇంగ్లండును గెలిచిన విలియం రాజు 1086లో ఊరూరా నాగళ్ళెన్ని, మరలెన్ని, పచ్చిక ఎంత అని లెక్క రాయించాడు. దాన్ని డూమ్స్‌డే బుక్ అంటారు. రాయించింది పన్ను కోసమే గాని, తొమ్మిది వందల ఏండ్ల తరువాత పల్లెల చరిత్ర రాసేవాళ్ళకు అదే ఆధారమైంది. మా దగ్గర సాలార్‌జంగ్ సంస్కరణల్లో 1865లో జిల్లాబందీ జరిగింది. ఆ తరువాత సర్వేలు వచ్చాయి, సేత్వార్లు, పహాణీలు వచ్చాయి. ఏ సర్వే నంబరులో ఎవరు, ఎంత విస్తీర్ణం, బాయి ఉందా, చెట్లెన్ని – అన్నీ ఉర్దూలో రాసి పట్వారీ సంచిలో ఉండేవి. ఆ సంచి పట్టుకున్నవాడిదే ఊరు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఇప్పుడవి కంప్యూటర్లోకి ఎక్కాయి. కాని పాత ఉర్దూ కాగితం చదవగల ముసలాయన మా చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడు.

1978 సంగతి కూడా చెప్పాలి. దొరల గడీలు, వెట్టిచాకిరీ, ఊరి బంచరాయి భూములు కొందరి కిందనే ఉండడం – వీటికి వ్యతిరేకంగా పల్లెల్లో రైతుకూలీలు కదిలారు. ఆ ఏడు సెప్టెంబరు 7న వేలాదిమంది నడిచివచ్చి జగిత్యాలలో సభ జరిపారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దాని మంచిచెడ్డల మీద వాదనలు ఎన్నో ఉన్నాయి, అవి ఈ వ్యాసం పరిధిలోవి కావు. మా తాత చెప్పేది మాత్రం ఒకటే – "అంతకు ముందు దొర ఎదురుపడితే చెప్పులు చేత్తో పట్టుకొని నడిచేది. తర్వాత కాళ్ళకే ఉన్నయి."

ఆ తరువాతి తరం గల్ఫుకు పోయింది. చెలకలు తిండి పెట్టవు. బోరు వేస్తే నాలుగు వందల అడుగుల దాకా రాయే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు దుబాయి, మస్కట్, సౌదీ పోని మనిషి లేని వాడకట్టు అరుదు. మా బాపు ఏడేండ్లు మస్కట్‌లో ఉన్నాడు. ఆ ఏడేండ్లు మా అవ్వ చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేసి మమ్మల్ని చదివించింది. మా మండలంలోని లంబాడిపల్లి గంగవ్వను ఇప్పుడు దేశమంతా ఫోనులో చూస్తోంది. ఆమె మాట అంత సహజంగా ఎట్లా ఉందని స్నేహితులు నన్ను అడుగుతారు. మా దగ్గర ప్రతి ఇంట్లో ఒక గంగవ్వ ఉంది, కెమెరా ఒక్కటే లేదు.

దారి

గుట్ట మీదికి ఘాటురోడ్డు వచ్చాక ముసలివాళ్ళకూ చంటిపిల్లల తల్లులకూ సులువైంది. యాత్రికుడికి ఆ రోడ్డు దేవుడి దగ్గరికి పోయే దారి. గుట్టకు దక్షిణాన ఉన్న కొడిమ్యాల వైపు పల్లెలకు మాత్రం అది జగిత్యాల పోయే దారి కూడా. ఆసుపత్రికి, బ్యాంకుకు, అంగడికి, పిల్లల కాలేజీకి జగిత్యాల పోవాలంటే మధ్యన గుట్ట అడ్డం.

2018 సెప్టెంబరు 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాల పోయే ఆర్టీసీ బస్సు ఘాటురోడ్డు దిగుతూ చివరి మలుపు దగ్గర లోయలో పడింది. బస్సులో నూరు మందికి పైగా ఉన్నారు. అరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, డబ్బుతిమ్మయ్యపల్లి, తిరుమలాపూర్ – చిన్న చిన్న ఊళ్ళు. ఒక్కో ఊరికి ఒకే రోజు ఎన్నో పాడెలు. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. మా తరగతిలో ఇద్దరు ఆ వారమంతా బడికి రాలేదు. వచ్చాక కూడా వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. సారు కూడా హాజరు పిలిచి ఊరుకున్నాడు.

ఇప్పుడు ఫిజిక్సు చదువుతున్నాను గనక ఒక లెక్క వేసి చూశాను. పదిటన్నుల బస్సు అనుకుందాం. నూరు మంది, తలకు 50 కిలోల చొప్పున, ఇంకో అయిదు టన్నులు. మొత్తం 15 టన్నులు. ఆ బస్సు పది మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే స్థితిశక్తి సుమారు 15 లక్షల జౌళ్ళు. వేగం పెరగకుండా దిగాలంటే ఆ శక్తి అంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. అయిదు లీటర్ల నీళ్ళను మరిగే దాకా కాచడానికి చాలినంత వేడి అది. ప్రతి పది మీటర్ల దిగుడుకూ అంత! బ్రేకుల మీదనే భారం వేస్తే అవి కాగిపోయి పట్టు తప్పుతాయి. అందుకే ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెబుతారు. అప్పుడు ఆ శక్తిలో కొంత ఇంజను మింగుతుంది. మనుషులు ఎక్కువైనకొద్దీ ఈ లెక్క పెరుగుతూ పోతుంది. ఆనాటి ప్రమాదానికి ఇదే కారణమని తీర్పు చెప్పడానికి నేనెవరిని? అది విచారించేవాళ్ళ పని. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వాలు ఎవరినీ మన్నించదు. నీటిని లెక్క చూసి ఆపినట్టే, బండినీ లెక్క చూసి దించాలి. ఒక బస్సులో నూరు మంది ఎందుకు ఎక్కవలసి వచ్చిందంటే, ఆ ఊళ్ళకు అదే బస్సు గనక. ఇది కూడా భూగోళమే.

ఇప్పుడు దారులు మెరుగయ్యాయి. గుట్టకు కొద్ది దూరంలోనే రైలుమార్గం ఉంది. పెద్దపల్లి నుంచి జగిత్యాల మీదుగా నిజామాబాదు దాకా ఆ లైను 2017లో పూర్తయింది. గుట్ట అవతల నాచుపల్లిలో 2007 నుంచి ఇంజనీరింగు కాలేజీ నడుస్తోంది. దారులతోపాటే భూమి ధరా పెరిగింది. అక్కడికే వస్తున్నాను.

బాపుకు చెప్పిన జవాబు

సెలవుల్లో తొలకరి వానకు గొడుగు పట్టుకొని మా చెలకలో నిలబడ్డాను. గుట్ట మీది నుంచి ఎర్రనీరు మూడు పాయలుగా దిగి, మా చెలక మూలన కలిసి, ఒర్రెలో పడి చెరువుకు పోయింది. ఇరవై ఏండ్లుగా చూస్తున్న నేల. అది చెరువు గొంతు అని ఆ రోజే తెలిసింది. ఆ చెలకనూ, పక్కనున్న చెలకలనూ చదును చేసి, రోడ్లు పోసి, ప్లాట్ల రాళ్ళు పాతితే నీరు దారి తప్పుతుంది. చెరువు నిండదు. చెరువు నిండకపోతే మా ఒక్క ఎకరమే కాదు, కట్ట కింద ఉన్న అందరి మళ్ళూ పోతాయి. కాగితం మీద మా చెలక రెండెకరాలే. వాలు లెక్కలో అది ఊరంత.

బాపుకు ఇది బొమ్మ గీసి చూపించాను. చాలాసేపు చూశాడు. "నిజమేరా. కాని మీ చెల్లె పెండ్లి, నీ చదువు, బ్యాంకు అప్పు – ఇవి ఏ వాలుకు పారుతయి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఒర్రె పొడుగునా పది గుంటలు వదిలి మిగతాది అమ్మితే ఎట్లా ఉంటుందని అడిగాను. "కొనేటోళ్ళు ఒప్పుకోవాలె గదా" అన్నాడు. మాట ఇంకా తెగలేదు. ఈ సావనీరు అచ్చయ్యేనాటికి ఏమవుతుందో.

మిత్రులారా! మనలో చాలామందిమి పల్లెల నుంచే వచ్చాం. మన ఊళ్ళ గురించి రాయడానికి ఏ దొరా, ఏ దొరసానీ రారు. కట్ట ఎవరు పోశారు, ఒర్రెకు ఆ పేరెందుకు వచ్చింది, ఏ ఏడు కరువొచ్చింది – చెప్పగలిగిన తాతలు ఏడాదికొకరు పోతున్నారు. వచ్చే సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక నోటు పుస్తకం వెంట తీసుకుపోండి. మొదటి వానలో మీ చేనులో ఒక్కసారి నిలబడి నీరు ఎటు పోతుందో చూడండి. ఊరి చరిత్ర అక్కడి నుంచి రాయవచ్చు. ఇకమీదట ఎవరైనా నన్ను "మీదే ఊరు?" అని అడిగితే ముందు ఊరి పేరే చెబుతాను. గుట్ట పేరు ఆ తరువాత.